48 లక్షలా, 62 లక్షలా? అమ్మాయి పైలట్ ట్రైనింగ్‌కి ఏ స్కూలు, సలహా కావాలి

పల్నాడు నాన్న | 4 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదువుతున్నా గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు.

మా అమ్మాయి పోయినేడు ఇంటర్ ఎంపీసీ అయింది. ఇంజినీరింగ్‌లో చేర్చాం. మొదటి సెమిస్టర్ కూడా కాకముందే "నాన్నా, నాకిది వద్దు, పైలట్ అవుతా" అని కూర్చుంది. ఎనిమిదో తరగతి నుంచీ ఇదే మాట, మేమే పిల్ల మాటలని కొట్టిపారేశాం. నాది ఎరువుల కొట్టు. చేతిలో 20 లక్షల దాకా ఉంది, 30 లక్షలు లోను పెట్టాలి. చాలకపోతే బైపాస్ పక్కన చిన్న స్థలం ఉంది.

రెండు స్కూళ్ళ నుంచి కొటేషన్లు వచ్చాయి. ఒకళ్ళు 48 లక్షలు, ఇంకొకళ్ళు 62. ఇద్దరూ 200 గంటల ఫ్లయింగే అంటున్నారు, ఇద్దరికీ డీజీసీఏ (విమానయానాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) అనుమతి ఉంది. మరి ఈ 14 లక్షల తేడా ఎక్కడిదంటే ఫోన్లో ఎవరూ సరిగా చెప్పట్లేదు. మా బావమరిదేమో అమెరికా పంపు, ఏడాదిలో అయిపోతుంది అంటాడు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఈ నెలాఖరులోపు 5 లక్షలు కడితే ఫీజులో 3 లక్షలు తగ్గిస్తారట. కట్టమంటారా?

కుడిసీటు | 4 జనవరి, రాత్రి 10:05

బాబాయ్ గారూ, కట్టొద్దు. ఎవరికీ కట్టొద్దు. ముందు మెడికల్ చేయించండి.

డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టర్ దగ్గర ముందు క్లాస్ 2 అవుతుంది. అది ఆన్‌లైన్‌లో ఎక్కి ఫైల్ నంబర్ వచ్చాక క్లాస్ 1కి వెళ్ళాలి. కమర్షియల్ లైసెన్సుకి కావాల్సింది ఆ క్లాస్ 1. చాలామంది క్లాస్ 2తోనే స్కూల్లో చేరిపోయి, 15, 20 లక్షలు కట్టేశాక తీరిగ్గా క్లాస్ 1కి వెళ్తారు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి అలాగే సోలో (ఒంటరిగా ఎగరడం) కూడా అయ్యాక వెళ్ళాడు. రంగుల చుక్కల పుస్తకం ముందు పెట్టి అంకె చెప్పమన్నారు. అందరికీ 74 కనిపించే పేజీలో వాడికి 21 కనిపించింది. పద్దెనిమిదేళ్ళుగా వాడికి ఆ సంగతే తెలీదు. కట్టిన డబ్బులో సగం కూడా వెనక్కి రాలేదు.

కళ్ళద్దాలుంటే కంగారు పడకండి, అద్దాలతో చూపు 6/6 ఉంటే చాలు. నాకూ ఉన్నాయి. నన్ను మొదటిసారి హిమోగ్లోబిన్ తక్కువని టెంపరరీ అన్‌ఫిట్ రాశారు. మూడు నెలలు మాత్రలు, ఖర్జూరం, అమ్మ తిట్లు కలిపి మింగి మళ్ళీ వెళ్ళాను.

ఇంకోటి. టెన్త్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు మూడూ పక్కపక్కన పెట్టుకుని అమ్మాయి పేరు చూడండి. మన తెలుగువాళ్ళ ఖర్మ ఇది. మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో వెనక్కి పోతుంది, ఆధార్‌లో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. పరీక్షలు రాయడానికి డీజీసీఏ కంప్యూటర్ నంబర్ తీసుకోవాలి, దానికి మార్కుల మెమోల వెరిఫికేషన్ కావాలి. ఆ కాగితాలకే నాకు రెండు నెలలు పట్టింది.

బేగంపేట పాతకాపు | 5 జనవరి, ఉదయం 6:15

అన్నా, నేను బేగంపేటల పిల్లలకు విమానం నేర్పినోణ్ణి. 2008ల ప్యాసింజర్ విమానాలన్నీ శంషాబాద్ పోయినంక రన్‌వే అంతా మాదే అన్నట్టుండేది. ఇప్పుడు రిటైర్ అయిన.

కొటేషన్ కాగితంల ఏమున్నదో కాదు, ఏం లేదో చూడాలె. ఆ రెండు స్కూళ్ళకు ఫోన్ చేసి ఇవి అడుగు. 200 గంటల్ల మల్టీ ఇంజిన్ ఎన్ని గంటలు? హాస్టల్ కలిపిండ్రా? విమానాలు ఎన్ని, పిల్లలు ఎంతమంది, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది? పోయిన ఏడాది ఎంతమందికి లైసెన్స్ వచ్చింది, ఒక్కొక్కళ్ళకు ఎన్ని నెలలు పట్టింది? చివరి రెండు ప్రశ్నలకు వాళ్ళు గొంతు సవరించుకుంటే నీకు సగం జవాబు దొరికినట్టే.

స్కై డ్రీమ్స్ అడ్మిషన్స్ | 5 జనవరి, ఉదయం 9:02

[మోడరేటర్: ప్రకటన తీసేశాం. ఇది మూడో ఐడీ. నాలుగోది కూడా తీసేస్తాం.]

పల్నాడు నాన్న | 5 జనవరి, మధ్యాహ్నం 1:30

ఇప్పుడే ఫోన్లు చేశాను.

48 లక్షల వాళ్ళు: మొత్తం సింగిల్ ఇంజిన్ సెస్నాలే, మల్టీ ఇంజిన్ బయట చేసుకోవాలి. హాస్టల్ మనదే. విమానాలు 9, పిల్లలు 60 మంది. ఎన్ని నెలలు అంటే "మీ పాప మీద ఆధారపడి ఉంటుంది సార్" అన్నారు.

62 లక్షల వాళ్ళు: 185 గంటలు డైమండ్ డీఏ40, 15 గంటలు రెండింజన్ల విమానం. 18 నెలల హాస్టల్ అందులోనే. విమానాలు 12, పిల్లలు 72 మంది. 18 నుంచి 20 నెలలు అన్నారు.

ఇంకా 40 గంటలు | 5 జనవరి, రాత్రి 11:48

"మీ పాప మీద ఆధారపడి ఉంటుంది." ఆ డైలాగ్ మా నాన్నకి కూడా చెప్పారు. చేరి 27 నెలలైంది, 160 గంటల దగ్గర ఉన్నా. స్కూలు పేరు చెప్పను, లైసెన్స్ చేతికొచ్చేదాకా వాళ్ళతోనే బతకాలి.

మా రోజు ఎలా ఉంటుందో చెప్తా. పొద్దున ఐదున్నరకి బోర్డు మీద లిస్టు పెడతారు. పేరుంటే యూనిఫాం, లేకపోతే మళ్ళీ దుప్పటి. పేరున్నా విమానం ఉండాలిగా. ఒకటి వంద గంటల ఇన్‌స్పెక్షన్‌లో ఉంటుంది, ఒకటి విడిభాగం కోసం నెలన్నర నుంచి ఆగి ఉంటుంది. మా హ్యాంగర్ వెనక ఒక సెస్నా 152 ఉంది, దాని రెక్క కింద పిచ్చుక గూడు కట్టింది. కొటేషన్ లెక్కలో అది కూడా విమానమే.

మాది ప్యాసింజర్ విమానాలు వచ్చే ఎయిర్‌పోర్టు. రన్‌వే దగ్గరికి వెళ్ళి ఆగుతాం. దూరంగా ఏటీఆర్ దిగుతోంది ఆగండి అంటారు. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. అది దిగి, పక్కకి తప్పుకునేసరికి 15 నిమిషాలు. విమానం టేకాఫ్ కోసం కదిలిన దగ్గర్నుంచి మళ్ళీ ఆగేదాకా అంతా ఫ్లయింగ్ టైమే కాబట్టి ఆ 15 నిమిషాలూ నా లాగ్‌బుక్‌లోకి, మా నాన్న బిల్లులోకి వెళ్తాయి. గాల్లో నేర్చుకున్నది మాత్రం ఆ మేరకు తగ్గినట్టే. నాలుగో ఇన్‌స్ట్రక్టర్ నడుస్తున్నాడు నాకు. ఒక్కొక్కరు రాగానే "ఏదీ, మళ్ళీ మొదటి నుంచి చూపించు" అంటారు. ఆ గంటలకి బిల్లు ఎవరిదో చెప్పక్కర్లేదు.

డబ్బు మొత్తం మొదటి ఏడాదిలోనే కట్టించుకున్నారు. మా తప్పు అదొక్కటే.

కుడిసీటు | 6 జనవరి, ఉదయం 7:20

తమ్ముడూ, చదువుతుంటే నా పాత రోజులు గుర్తొచ్చాయి. 40 గంటలేగా, అయిపోతాయి. క్రాస్ కంట్రీలు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగరడం) మిగుల్చుకున్నావా, నైట్ ఫ్లయింగ్ మిగిలిందా?

ఇంకా 40 గంటలు | 6 జనవరి, ఉదయం 7:31

నైట్ మొత్తం మిగిలింది అక్కా. రన్‌వే లైట్లు రిపేరు.

బేగంపేట పాతకాపు | 6 జనవరి, ఉదయం 8:10

పల్నాడు అన్నా, కూసొని లెక్క కట్టిన. జర ఓపికతోని చదువు.

కాగితం మీద 9 విమానాలంటే ఎగిరేవి 5 అనుకుందాం, నా అనుభవంల అదే ఎక్కువ. వాన, పొగమంచు, రిపేర్లు అన్నీ తీసేస్తే ఒక్కో విమానం నెలకు 80 గంటలు ఎగిరితే గొప్ప. 5 ఇంటు 80, నాలుగు వందల గంటలు. 60 మంది పంచుకుంటే ఒక్కొక్కళ్ళకు నెలకు ఆరున్నర గంటల చిల్లర. 200 గంటలకు 30 నెలలు. రెండో దగ్గర 12ల 10 ఎగురుతయనుకో, 800 గంటలు, 72 మంది. నెలకు 11 గంటలు, 18 నెలలు. వాళ్ళు చెప్పినదానికి లెక్క కలుస్తున్నది.

ఇప్పుడు పైసలు. 48 లక్షలకు బయట మల్టీ ఇంజిన్ 15 గంటలు కలుపు. గంటకు 45 వేలు పట్టుకున్నా 6 లక్షల 75 వేలు. హాస్టల్, తిండి నెలకు 15 వేలు, 30 నెలలకు నాలుగున్నర లక్షలు. నీ 30 లక్షల లోను మీద 11 శాతం వడ్డీ అంటే నెలకు 27,500. ఎక్కువ పట్టిన 12 నెలలకు 3 లక్షల 30 వేలు. కూడు. 62 లక్షల 55 వేలు.

అగ్గువదనుకున్న స్కూలే 55 వేలు పిరమైంది. పైన ఏడాది జీతం పోయింది, ఏడాది సీనియారిటీ పోయింది. సీనియారిటీ అంటే ఎయిర్‌లైన్‌ల కెప్టెన్ అయ్యే వరుస. ఏడాది వెనకపడ్డోళ్ళు వెనకనే ఉంటరు.

అట్లని 62 లక్షల స్కూలు మంచిదని నేను చెప్తలేను. నువ్వు పోయి చూడాలె. బ్రోచర్ పక్కన పెట్టి హ్యాంగర్‌లకు పో. ప్రొపెల్లర్ ఉన్నయి ఎన్ని, టైర్ల గాలి ఉన్నయి ఎన్ని, లెక్కపెట్టు. క్యాంటీన్‌ల పిల్లలకు చాయ్ తాపి ఆఖరిసారి ఎప్పుడు ఎగిరిండ్రో అడుగు.

చీరాల చిన్నోడు | 6 జనవరి, ఉదయం 11:15

మధ్యలో అడుగుతున్నందుకు సారీ అండీ. నేను బైపీసీ. నాకు కుదరదా?

కుడిసీటు | 6 జనవరి, ఉదయం 11:40

ఫిజిక్స్ ఉంది, మ్యాథ్స్ లేదు కదా. ఓపెన్ స్కూల్లో ప్లస్ టూ మ్యాథ్స్ ఒక్క సబ్జెక్టు రాసుకుని వచ్చినవాళ్ళు బోలెడుమంది. ఈ నిబంధన మారుస్తారన్న మాట కూడా నడుస్తోంది, దాన్ని నమ్ముకుని కూర్చోకు. దీనికి వేరే చర్చ మొదలుపెట్టు, అక్కడ చెప్తాను.

డల్లాస్ డైరీ | 6 జనవరి, రాత్రి 8:55

అమెరికా సంగతి నేను చెప్తాను. టెక్సస్‌లో చేసొచ్చి ఇక్కడ కన్వర్షన్ (అక్కడి లైసెన్సుని మన లైసెన్సుగా మార్చుకోవడం) చేసుకున్నాను.

ఏడాదిలో అవుతుందా అంటే గాల్లో పని ఏడాదిలో అవుతుంది. నేను నెలలో 20 గంటలు ఎగిరిన సందర్భాలున్నాయి. ఇన్‌స్ట్రక్టర్‌కి మెసేజ్ పెడితే సాయంత్రానికి విమానం రెడీ. ఖర్చు: సెస్నా 172 పెట్రోలుతో కలిపి గంటకి 190 డాలర్లు, 200 గంటలకి 38,000. ఇన్‌స్ట్రక్టర్ గంటకి 70, 130 గంటలకి 9,100. చెక్‌రైడ్ (లైసెన్సు కోసం గాల్లో పెట్టే పరీక్ష) ఎగ్జామినర్లకి నాలుగుసార్లకీ కలిపి 3,600. మల్టీ ఇంజిన్ 6,000. షేరింగ్ రూము, తిండి నెలకి వెయ్యి చొప్పున 13 నెలలు. మొత్తం 70 వేల డాలర్ల దగ్గర తేలింది. నేను వెళ్ళినప్పుడు డాలరు 83, ఇప్పుడు 90 అనుకోండి. అదే శిక్షణకి ఇప్పుడు 4 లక్షల 90 వేలు ఎక్కువ. 63 లక్షలు. వీసా, 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకి కట్టేది), టికెట్లు, తిరిగొచ్చాక కన్వర్షన్‌కి ఇంకో 4, 5 లక్షలు. పార్ట్‌టైమ్ చేసి సంపాదించుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి, ఇలాంటి శిక్షణకి ఇచ్చే ఎం-1 విద్యార్థి వీసా మీద అది కుదరదు.

నాకు తగిలిన దెబ్బ ఇంకోటి. పార్ట్ 141 స్కూళ్ళలో (అక్కడి ప్రభుత్వం ఆమోదించిన సిలబస్‌తో నడిచేవి) 190 గంటలకే అమెరికా కమర్షియల్ వచ్చేస్తుంది. పండగ చేసుకుని ఇంటికొచ్చాను. ఇక్కడ డీజీసీఏకి 200 గంటలు ఉండాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మనదే అయి), 20 గంటలు క్రాస్ కంట్రీ, ఒకటి 300 నాటికల్ మైళ్ళది. నాకు కమాండ్ గంటలు 91 తేలాయి. ఆ 9 గంటలు ఇక్కడ, ఇక్కడి రేటుకి, ఇక్కడి క్యూలో నిలబడి చేసుకున్నాను. మూడు నెలలు. వెళ్ళేవాళ్ళు మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్ చేతిలో మన డీజీసీఏ లెక్క పెట్టండి.

దక్షిణాఫ్రికా కొంచెం చవక, న్యూజిలాండ్ బాగుంటుంది గానీ ఖర్చు. రెండూ నేను చూసినవి కావు, తెలిసినవాళ్ళు రాయండి.

బ్యాంకు బాబాయి | 7 జనవరి, ఉదయం 10:20

పల్నాడు నాన్న గారూ, లోను గురించి నాలుగు ముక్కలు. ముప్ఫయ్యేళ్ళు బ్రాంచిలో ఉన్నవాణ్ణి.

విద్యా రుణాల నమూనా పథకంలో ఏడున్నర లక్షల దాకా తనఖా అడగరు, దాటితే అడుగుతారు. మీది 30 లక్షలు కాబట్టి తనఖా తప్పదు. ఆ బైపాస్ స్థలం కాగితాల్లో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉందా? అయితే మేనేజర్ మొహం చిట్లిస్తాడు. ముందు అది తేల్చుకోండి. అమ్మే ఆలోచన మానేసి తనఖా పెట్టగలిగితే స్థలం మిగులుతుంది.

కోర్సు కాలం, పైన ఇంకో ఏడాది దాకా కంతులు ఉండవు. కానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. వీలైనంతవరకు నెలనెలా వడ్డీ కట్టేయండి, అసలు మీదకి ఎక్కనివ్వకండి. కోర్సు కాలం అని స్కూలు రాసిచ్చిన ఉత్తరంలో 18 నెలలు ఉండి, నిజంగా 30 పట్టిందనుకోండి, అమ్మాయి ఇంకా ట్రైనింగ్‌లో ఉండగానే మీకు కంతుల నోటీసు వస్తుంది. ఇలా వచ్చి నా కేబిన్‌లో కూర్చున్న తండ్రులు ఉన్నారు.

బ్యాంకు ఎలాగూ డబ్బు స్కూలుకే నేరుగా పంపుతుంది. మొత్తం ఒకేసారి వదలొద్దని రాసివ్వండి. ఎగిరిన గంటలను బట్టి విడతలు. ఒప్పుకోని స్కూలుంటే ఎందుకు ఒప్పుకోరో కనుక్కోండి. విదేశం పంపితే, సొంత డబ్బు ఏడాదిలో పది లక్షలు దాటినప్పుడు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్ను వేస్తే సర్దుబాటవుతుంది. లోను డబ్బుకి అది లేదు.

గోదారి గట్టు | 7 జనవరి, సాయంత్రం 5:12

అందరూ స్కూళ్ళ గురించే మాట్లాడుతున్నారు, ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తరేం? లైసెన్స్ పట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళు నాకే ఐదుగురు తెలుసు. ఆ 60 లక్షలు ఎఫ్‌డీ వేసుకుంటే నయం.

డల్లాస్ డైరీ | 7 జనవరి, సాయంత్రం 5:40

ఎయిర్ ఇండియా 2023లో 470 విమానాలు, ఇండిగో అదే ఏడాది 500 విమానాలు ఆర్డర్ పెట్టాయి. ఎవరు నడుపుతారు వాటిని, ఎఫ్‌డీలా?

బేగంపేట పాతకాపు | 7 జనవరి, రాత్రి 7:05

తమ్మీ, ఆర్డర్ పెట్టిన విమానం వచ్చేదాక లోను వడ్డీ ఆగదు. కింగ్‌ఫిషర్ 2012ల ఆగింది, జెట్ 2019ల, గో ఫస్ట్ 2023ల. ఆగినప్పుడల్లా వేల గంటల అనుభవం ఉన్న పైలట్లు మార్కెట్ల పడ్డరు, 200 గంటల పిల్లలు వరుసల వెనక్కి పోయిండ్రు. నా శిష్యుడొకడు ఐదేండ్లు ఎదురుచూసి ఇప్పుడు కెప్టెన్. ఇంకొకడు నాలుగేండ్లు చూసి బ్యాంకు పరీక్ష రాసిండు. ఇద్దరూ మంచి పైలట్లే. ఎఫ్‌డీ అన్నాయన మాట తీసెయ్యొద్దు, కానీ ఆ పిల్ల ఎనిమిదో తరగతి నుంచి అడుగుతున్నది గద.

కుడిసీటు | 7 జనవరి, రాత్రి 9:30

ఉద్యోగం దాకా లెక్క వెయ్యాలంటే ఇదీ కలపండి. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఎ320 విమానం మీద టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఉండాలి, అదొక 12 నుంచి 18 లక్షలు. కొన్నిసార్లు ఎయిర్‌లైనే సెలెక్ట్ చేసుకుని, బాండ్ రాయించుకుని చేయిస్తుంది. అందుకని సీపీఎల్ (కమర్షియల్ లైసెన్సు) రాగానే సొంత డబ్బుతో ఎగబడి టైప్ రేటింగ్ చేసేయకండి. ఉద్యోగం లేకుండా ఆ కాగితం పాలప్యాకెట్టు లాంటిది, నిలవుండదు.

ఎదురుచూసే కాలానికి కూడా ఖర్చుంది. క్లాస్ 1 మెడికల్ ఏటా, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) రెన్యువల్ ఏటా. నేను 14 నెలలు ఖాళీగా ఉన్నాను. హైదరాబాద్‌లో గ్రౌండ్ క్లాసుల్లో పిల్లలకి మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం) చెప్పుకుంటూ గడిపాను. క్యుములోనింబస్ మబ్బు గురించి నాకు అంత బాగా తెలియడానికి కారణం అదే.

ఎయిర్‌లైన్స్ క్యాడెట్ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. టైప్ రేటింగ్‌తో కలిపి కోటి అటూ ఇటూగా అవుతుంది. సెలెక్షన్ ముందే జరిగిపోతుంది, అదే దాని విలువ. కానీ ఇచ్చేది షరతులతో కూడిన ఆఫర్, నియామక పత్రం కాదు. మీ బడ్జెట్‌లో నేనైతే చెప్పను. రాయ్‌బరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వ అకాడమీ ఉంది, ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. ప్రవేశ పరీక్ష రాయాలి, సీట్లు తక్కువ. రాయించి చూడండి, పోయేదేం లేదు. డిసెంబరు, జనవరిల్లో అక్కడ పొగమంచుకి ఫ్లయింగ్ ఆగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. మన దగ్గర కడప ఎయిర్‌పోర్టుని కూడా శిక్షణ స్కూళ్ళకి ఇచ్చే రెండో విడతలో చేర్చారు. వాన తక్కువ ఊరు కాబట్టి ఎగిరే రోజులు ఎక్కువ, మే నెల మధ్యాహ్నం మాత్రం పెనం మీద అట్టులా ఎగరేస్తుంది.

డీజీసీఏ 2025 అక్టోబరు నుంచి స్కూళ్ళకి ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది, ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో. మొదటి విడతలో పై రెండు గ్రేడుల్లో ఒక్క స్కూలు కూడా లేదు, అందరూ బీ, సీల్లోనే. మీ రెండు స్కూళ్ళూ ఎక్కడున్నాయో చూసుకోండి.

పల్నాడు నాన్న | 2 ఫిబ్రవరి, రాత్రి 10:10

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమనుకోకండి. రెండు చోట్లకీ వెళ్ళొచ్చాం, అమ్మాయి, నేను.

48 లక్షల స్కూలు. ఆఫీసు ఏసీ, గోడ మీద పెద్ద బోయింగ్ బొమ్మ. హ్యాంగర్ చూస్తామంటే సెక్యూరిటీ కారణాలన్నారు. అమ్మాయే "సార్, మేం వచ్చింది అందుకే" అంది. పావుగంట తర్వాత తీసుకెళ్ళారు. పాతకాపు గారూ, మీరు చెప్పినట్టే లెక్కపెట్టాను. 9లో ప్రొపెల్లర్ ఉన్నవి 6. వాటిలో ఒకదాని ముందు టైరు నేలకి అంటుకుపోయి ఉంది, ఒకదాని ఇంజిన్ మూత తీసి మీద గోనెపట్టా కప్పారు. ఎగిరేవి 4. మీ 5 కూడా ఎక్కువే అయింది. 4 ఇంటు 80, 60 మందికి, 37 నెలల పైమాటే.

62 లక్షల స్కూల్లో పది తిరుగుతున్నాయి. ఒకటి మా కళ్ళముందే దిగింది. అవి పెట్రోలు కాకుండా జెట్ విమానాలకి పోసే ఇంధనంతోనే నడుస్తాయట, అది చవకట. అన్నీ బాగున్నాయి గానీ చేరేటప్పుడే 25 లక్షలు కట్టమన్నారు. బ్యాంకు బాబాయి గారు చెప్పినట్టు గంటల మీద విడతలు అడిగాను. ముందు కుదరదన్నారు. నాకు తెలిసింది బేరం ఒక్కటేనండీ, పాతికేళ్ళుగా యూరియా కంపెనీల వాళ్ళతో చేస్తున్నా. సాయంత్రానికి మొదట 8 లక్షలు, తర్వాత ప్రతి 25 గంటలకి ఒక విడత అని రాసిచ్చారు. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కూడా రాయించాను.

ఇంకా సంతకం పెట్టలేదు. క్లాస్ 2 అయింది, ఫైల్ నంబర్ వచ్చింది. క్లాస్ 1కి బెంగళూరు, ఈ నెల 19న. అది వచ్చాకే. కన్సల్టెన్సీ వాళ్ళు ఇప్పుడు 4 లక్షలు తగ్గిస్తామంటున్నారు.

బేగంపేట పాతకాపు | 3 ఫిబ్రవరి, ఉదయం 6:02

యూరియా కంపెనీలకు దండం. నేను ముప్ఫై ఏండ్లల్ల ఏ తండ్రీ రాయించుకోంగ చూడలె.

ఒక్క మాట. మెడికల్ వచ్చినంక కూడా ఉరుకులాడి చేర్చకు. జూన్‌ల చేరితే వానల్ల కూసుంటది. పరీక్షలు ముందు రాయించు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్, అన్నింట్ల 70 శాతం రావాలె. రేడియోల మాట్లాడేందుకు ఆర్‌టీఆర్ పరీక్ష వేరే. ఇవి ఇంట్ల కూసోని పాసై అక్టోబరుల చేరితే ఎగురుడే పని. హాస్టల్ల కూసోని చదివితే ఆ నెలలకు కిరాయి నువ్వే కడ్తవు.

పల్నాడు నాన్న | 24 ఫిబ్రవరి, రాత్రి 8:30

నమస్తే అండీ. నాన్న ఐడీతో రాస్తున్నది నేను, అమ్మాయిని. నాన్న కొట్టు కట్టేసి ఇంకా రాలేదు.

క్లాస్ 1 ఫిట్ వచ్చింది. 74 నాకు 74 లాగే కనిపించింది.

బీటెక్ ఈ నెల మానేశాను. అమ్మ ఇంకా మాట్లాడట్లేదు. మీరు చెప్పినట్టే ముందు పరీక్షలు, అక్టోబరులో చేరడం. స్కూలు వాళ్ళు అదే ఫీజుకి సీటు ఉంచుతామని రాసిచ్చారు, అది కూడా నాన్నే. రెగ్యులేషన్స్ పుస్తకం రెండోసారి చదువుతున్నా. నావిగేషన్‌లో గాలి త్రికోణం లెక్కలు వస్తున్నాయి గానీ టైం చాలట్లేదు. కొట్లో బస్తాల మీద మ్యాప్ పరిచి ప్రాక్టీస్ చేస్తుంటే రైతులు వచ్చి మా ఊరు ఎక్కడుందో చూపించమంటున్నారు.

కుడిసీటు అక్కా, మీకు ఒక ప్రశ్న. మొదటిసారి ఒంటరిగా ఎగిరినప్పుడు భయం వేసిందా? నాన్న ముందు అడగలేను.

కుడిసీటు | 24 ఫిబ్రవరి, రాత్రి 9:12

పైకి వెళ్ళేటప్పుడు వెయ్యలేదు. ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయాక విమానం తేలికై అనుకున్నదానికంటే ముందే గాల్లోకి లేచింది, ఆ ఆశ్చర్యంలోనే ఉండిపోయాను. దిగడానికి మలుపు తిరిగాక పక్క సీటు వైపు చూశాను. సీటు బెల్టు మాత్రం కట్టి ఉంది. అప్పుడు వేసింది. తర్వాత చెయ్యాల్సిన పని చాలా ఉంది కాబట్టి మర్చిపోయాను.

లెక్కలకి టైం పెట్టుకుని రోజుకి పది చెయ్యి. మెటియరాలజీలో డౌటొస్తే నాకు మెసేజ్ పెట్టు, ఫీజు లేదు.

ఇంకా 31 గంటలు | 24 ఫిబ్రవరి, రాత్రి 11:20

చెల్లీ, కంగ్రాట్స్. రన్‌వే లైట్లు వచ్చాయి. పేరు మార్చుకున్నా, చూశారా?